పొక్లెయిన్ ఊరికి వచ్చుటకు ముందు పంచాయతీ చూడవలసినవి

కొవ్వూరు రేవున నిలిచి చూచినచో గోదావరికి ఆవలి ఒడ్డున రాజమహేంద్రవరము కానవచ్చును. నది వెంబడి కొంత దిగువకు పోయినచో విజ్జేశ్వరము వచ్చును. అచ్చటి హెడ్ స్లూయిసు నుండియే పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ బయలుదేరి, నిడదవోలు మీదుగా పలు శాఖలై, ఏలూరు, నరసాపురము వైపులకు నీటిని చేర్చుచున్నది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వలన ఈ సీమకు కలిగిన మేలు మన పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆనాడు ఆ ఆనకట్టకును, ఆ కాలువలకును కావలసిన మన్ను పలుగుతో త్రవ్వి, పారతో ఎత్తి, తట్టలతో మోసినవారు మనుష్యులు. వేలాది కూలీల చెమట ఆ గట్లలో కలిసియున్నది.

నేడు ఆ గట్లపై వేరొక దృశ్యము కానవచ్చుచున్నది. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో పూడిక తీయుటకు, గుఱ్ఱపుడెక్క తొలగించుటకు, మురుగు కాలువలు లోతు చేయుటకు, ఊరచెరువులు బాగుచేయుటకు పొక్లెయిన్ అను భారీ యంత్రము వచ్చుచున్నది. ఫ్రాన్సు దేశమున పొక్లెయిన్ అను సంస్థ నిర్మించిన యంత్రములు పూర్వము మన దేశమున ప్రసిద్ధి చెందుటచే, ఏ సంస్థ నిర్మించిన దానినైనను మనవారు ఆ పేరుతోనే పిలుచుచున్నారు. 20 టన్నుల తరగతి యంత్రము ఒక్కసారి బకెట్టు ముంచినచో సుమారు ఒక ఘనమీటరు మన్ను, అనగా ఒకటిన్నర టన్నులకు మించిన బరువు పైకి వచ్చును. పనివారు పూటంతయు చేయవలసిన పనిని అది నిమిషములలో ముగించును.

అట్టి శక్తి గల యంత్రము ఊరిలో అడుగిడినప్పుడు దానివలన కలుగు ప్రమాదమును అంతే గొప్పదై యుండును. గట్టు విరిగి యంత్రము కాలువలో బోర్లపడుట, పైనున్న విద్యుత్ తీగ తగులుట, వెనుకకు తిరుగు భాగమునకును గోడకును నడుమ మనిషి నలిగిపోవుట - ఇవి యంత్రమున్న చోట సంభవింపగల ఆపదలు. వీనిలో చాలవరకు యంత్రపు లోపము వలన గాక, పని మొదలుపెట్టుటకు ముందు చూడవలసినవి చూడకపోవుట వలననే కలుగును. యంత్రమును నడుపుట ఆపరేటరు విద్య. కాని అది ఎచ్చట, ఎప్పుడు, ఎవరి నడుమ నడువవలెనో నిర్ణయించు సమయమున పంచాయతీ మౌనముగా నుండరాదు. కావున సర్పంచులును, సభ్యులును, సభ్యురాండ్రును ఈ యంత్రమును గూర్చి కొంత ఎరిగియుండుట అవసరము.

యంత్రము ఎట్లు పనిచేయును?

లారీ టైరు మార్చునప్పుడు వాడు నూనె జాకీని అందరును చూచియే యుందురు. ఒక్క మనిషి చేతితో పిడిని ఆడించినచో టన్నుల బరువు గల లారీ పైకి లేచును. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లెయిజ్ పాస్కల్ నిరూపించెను. చిన్న గొట్టములోని ముషలముపై ప్రయోగించిన స్వల్పబలము, పెద్ద గొట్టములోని ముషలము కడ అనేక రెట్లై బయటపడును. పొక్లెయిన్‌లో జరుగునదియు ఇదియే.

డీజిలు ఇంజను పంపులను త్రిప్పును. ఆ పంపులు నూనెను గొప్ప ఒత్తిడితో గొట్టములలోనికి నెట్టును. ఆపరేటరు చేతిలోని లీవరు కదలినప్పుడు ఆ నూనె తగిన సిలిండరులోనికి పోయి చేయినిగాని, బకెట్టునుగాని కదలించును. యంత్రము క్రింద ఇరుప్రక్కల నుండు ఇనుప చైన్లను త్రిప్పునవి కూడ నూనెతో నడచు మోటార్లే. పైభాగమంతయు చుట్టు తిరుగుటకు వేరొక మోటారు కలదు. లారీలకుండు క్లచ్చి, గేర్లు దీనికి లేవు. లీవరును ముందుకు నెట్టినచో నడచును, వదలినచో నిలిచిపోవును.

20 టన్నుల తరగతి యంత్రములలో ఈ నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 350 కిలోల వరకు ఉండును. లారీ టైరులోని గాలి ఒత్తిడి 7, 8 కిలోలు మాత్రమే. అనగా మన కంటికి సామాన్యముగా కనబడు ఆ నల్లని రబ్బరు గొట్టములలో లారీ టైరు కంటె 40 రెట్లకు మించిన ఒత్తిడి దాగియున్నది. ఈ యొక్క విషయము జ్ఞాపకముంచుకొన్నచో ఇకముందు చెప్పబోవు జాగ్రత్తలకు కారణము సులభముగా బోధపడును.

గట్టు మోయగలదా?

చైన్లు వెడల్పుగను, పొడవుగను ఉండుటచే యంత్రపు బరువు విశాలమైన నేలపై పరచుకొనును. సమతలముపై నిలిచియున్నప్పుడు చదరపు సెంటీమీటరునకు పడు భారము అర కిలో ప్రాంతముననే యుండును. ఇది నేలపై నడచు మనిషి పాదము మోపు భారమునకు దగ్గరగా నుండును. అందుచేతనే టైర్ల జేసీబీ దిగబడిన చోట చైను యంత్రము సులభముగా సాగిపోవును. అయితే ఈ లెక్క యంత్రము కదలక నిలిచియున్నప్పటిది. చేయి ముందుకు చాచి, తడిమన్నుతో నిండిన బకెట్టును పైకెత్తినప్పుడు బరువంతయు చైన్ల ముందు అంచుపైకి ఒరుగును. ఆ అంచు కాలువ గట్టు కొసనున్నచో అచ్చటి మన్ను కాలువలోనికి జారుటకు సిద్ధముగా నుండును.

మన డెల్టా గట్లు ఒండ్రుమట్టితో వేసినవి. కాలువ కట్టిన క్రొత్తలో పైకి ఎండినట్లు కనబడినను లోపల తేమ నిలిచియుండును. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలుండును. పాత గండ్లు పూడ్చిన తావులుండును. ఇవేవియు పైకి కానరావు.

కొవ్వూరు ప్రాంతమున ఒక గ్రామములో పిల్లకాలువ పూడిక పని చూడబోయినప్పుడు ఈ వ్యాసకర్త స్వయముగా గమనించిన సంగతి ఒకటి కలదు. యంత్రము ఒక మలుపు కడకు రాగా, గట్టుపై కూర్చుండియున్న వృద్ధరైతు లేచి వచ్చి, "బాబూ, అక్కడ నిలపకు. మా చిన్నతనంలో వరదకి గండి పడింది అక్కడే. ఇసుక బస్తాలేసి పూడ్చారు" అని చెప్పెను. ఆపరేటరు పొరుగు జిల్లావాడు. అతనికి ఆ గండి సంగతి తెలియుటకు వీలులేదు. అతడు వాదింపక యంత్రమును పది గజములు వెనుకకు తీసి, గట్టు లోపలివైపునకు జరిగి పని సాగించెను. సాయంత్రమునకు ఆ మలుపు కడ గట్టు అంచున మూర పొడవున బీట వారినది. యంత్రము అచ్చటనే నిలిచియున్నచో ఏమి జరిగెడిదో వేరుగ చెప్పనక్కరలేదు. యంత్రము సంగతి ఆపరేటరుకు తెలియును. ఊరి నేల సంగతి ఊరివారికే తెలియును. ఆ రెండు తెలివిడులను పని మొదలుకాకముందే ఒకచోట చేర్చుట పంచాయతీ పని.

గట్టుపై పనిచేయునప్పుడు చైన్లు కాలువకు అడ్డముగా, అనగా గట్టు అంచునకు నిలువు కోణమున ఉండవలెను. చైనును త్రిప్పు పళ్ళచక్రములు వెనుకవైపున ఉండవలెను. అట్లున్నచో నేల కదలినట్లు తోచినంతనే ఆపరేటరు తిన్నగా వెనుకకు రాగలడు. చైన్లు గట్టు వెంబడి నిలిచియుండగా అంచు విరిగినచో ఒక చైను క్రింది నేల పూర్తిగా పోయి యంత్రము ప్రక్కకు బోర్లపడును. తాను నిలిచిన నేల క్రిందికి మన్ను తవ్వుకొనుటయు ఎన్నడును తగదు.

ఇచ్చట మరియొక చిక్కు కలదు. పైభాగము పూర్తిగా వెనుకకు తిరిగియున్నప్పుడు నడిపించు లీవర్ల పని తలక్రిందులగును. ముందుకు నెట్టినచో యంత్రము ఆపరేటరు వెనుకవైపునకు నడచును. గట్టు అంచున ఈ పొరపాటు ఒక్కసారి జరిగినను చాలును. కావున కదలుటకు ముందు ప్రతిసారియు పళ్ళచక్రములు ఎటువైపున నున్నవో చూచుకొను అలవాటు ఆపరేటరునకు ఉండవలెను. అన్ని యంత్రములలోను చేతి లీవర్ల అమరిక ఒకేతీరున ఉండదు. క్రొత్త యంత్రమెక్కినవాడు మొదట ఖాళీ స్థలమున నెమ్మదిగా ఆడించి చూచిన పిదపనే గట్టుపైకి పోవలెను.

యంత్రము ఊరి తూములపై, చిన్న వంతెనలపై పోవలసియున్నచో ముందుగా పంచాయతీరాజ్ ఇంజనీరును అడుగవలెను. ఎడ్లబండ్లకు, ట్రాక్టర్లకు ఆగిన తూము 20 టన్నులకు ఆగునను నమ్మకము లేదు. సిమెంటు రోడ్డుపై ఇనుప చైన్లతో నడచినచో రోడ్డు పాడగును. ఆ దూరము ట్రైలరుపైననే తరలింపవలెను.

తలపై తీగలు

పొలములలోను, గట్లపైనను సాగు విద్యుత్ తీగల విషయమున పంచాయతీ మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. రోడ్లపై గాక ఇతర స్థలములలో 11 కిలోవోల్టుల వరకు గల తొడుగులేని తీగలకు నేల నుండి ఉండవలసిన కనీసపు ఎత్తు 4.6 మీటర్లని విద్యుత్ నిబంధనలు చెప్పుచున్నవి. 20 టన్నుల తరగతి పొక్లెయిన్ చేయి పూర్తిగా పైకెత్తినచో సుమారు 9 మీటర్ల ఎత్తునకు పోవును. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో అపాయమెంత దగ్గరనున్నదో తెలియును. పూడికమన్ను పోసి గట్టు ఎత్తు పెంచినకొలదియు తీగకును నేలకును నడుమ దూరము మరింత తగ్గుచుండును. నిరుడు చాలిన ఎత్తు ఈ యేడు చాలకపోవచ్చును.

తీగను తాకకపోయినను దగ్గరకు పోయినంతనే విద్యుత్తు దూకవచ్చును. యంత్రములోని ఏ భాగమును తీగకు 3 మీటర్లలోపునకు పోరాదను నియమము పలు దేశములలో పాటింపబడుచున్నది. అధిక వోల్టేజి లైన్లకు ఇంకను ఎక్కువ దూరము కావలెను. తీగ క్రింద తప్పక పనిచేయవలసి వచ్చినచో విద్యుత్ పంపిణీ సంస్థకు ముందుగా వ్రాసి, లైన్ క్లియర్ తీసికొని, సరఫరా నిలిచినట్లు లైన్‌మన్ స్వయముగా చెప్పిన పిదపనే పని మొదలుపెట్టవలెను. "ఈ పూట కరెంటు లేదు" అని ఊరిలో ఎవరో చెప్పిన మాట చాలదు. పోయిన కరెంటు ఏ క్షణముననైనను రావచ్చును.

ఒకవేళ యంత్రము తీగను తాకినచో చేయవలసినది అందరును ఎరిగియుండవలెను. ఆపరేటరు క్యాబిన్ నుండి దిగరాదు. లోపల కూర్చున్నంతవరకు అతనికి ప్రమాదము తక్కువ. ఒక కాలు యంత్రముపైనను, ఒక కాలు నేలపైనను పడిన క్షణమున విద్యుత్తు అతని దేహము గుండ ప్రవహించును. వీలైనచో యంత్రమును మెల్లగా తీగ నుండి తప్పింపవలెను. చుట్టునున్నవారెవరును సాయము చేయబోయి దగ్గరకు పోరాదు; తాకిన యంత్రము చుట్టునున్న నేలయు విద్యుత్తుతో నిండియుండును. వెంటనే సబ్‌స్టేషనుకు, 1912 నంబరుకు ఫోను చేయవలెను. నిప్పంటుకొని దిగక తప్పనప్పుడు మాత్రము, యంత్రమును చేతితో పట్టుకొనక, రెండు పాదములను జోడించి నేలపైకి దూకి, పాదములు ఎడము కానీయక చిన్నచిన్న జరుగులతో దూరముగా పోవలెను.

నేల క్రింది గొట్టములు

డెల్టా నేల క్రింద నేడు త్రాగునీటి గొట్టములును, టెలిఫోను తీగలును, కృష్ణా గోదావరి క్షేత్రమున లభించు సహజవాయువును తీసికొనిపోవు గొట్టములును కలవు. 2014 జూన్ 27వ తేదీన కోనసీమలోని నగరము గ్రామమున వాయువు గొట్టము ప్రేలి 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిన దుర్ఘటన ఈ సీమవారికి మరపురానిది. అది తవ్వకము వలన జరిగినది కాదు. అయినను గొట్టములోని వాయువు బయటపడినచో ఊరికేమగునో అది మనకు తెలిపినది.

వాయువు గొట్టములు పోవు దారి వెంబడి గుర్తురాళ్ళు, బోర్డులు పాతియుండును. 1962 నాటి పెట్రోలియము, ఖనిజముల గొట్టపుమార్గముల చట్టము ననుసరించి హక్కు పొందిన ఆ పట్టీలో చెరువు గాని, నూయి గాని త్రవ్వరాదు. చేపలచెరువుల త్రవ్వకము మిక్కుటముగా సాగు ప్రాంతములలో ఈ సంగతిని రైతులకు తెలియజేయుట మిక్కిలి అవసరము. తవ్వకమునకు ముందే గొట్టములు, తీగలు గల సంస్థలకు సమాచారమిచ్చుటకు 2023 మార్చిలో కేంద్రప్రభుత్వము "కాల్ బిఫోర్ యు డిగ్" అను మొబైలు సదుపాయమును ప్రవేశపెట్టినది. తవ్వకము జరుగు స్థలమును దానిలో తెలుపవచ్చును. అంతకంటె సులభమైన పని ఊరిలోనే కలదు: త్రాగునీటి పథకము చూచు సిబ్బందిని పిలిచి, గొట్టములు పోవు దారిని నేలపై సున్నముతో గీయించుట. గీత దగ్గర యంత్రమును ఆపి, మిగిలినది పారతో త్రవ్వింపవలెను.

మనుష్యులు నిలువరాని చోటు

పొక్లెయిన్ వచ్చినదన్నచో ఊరి పిల్లలందరును చుట్టు మూగుదురు. పెద్దలును పనులు మాని చూచుచు నిలుతురు. ఇది మన గ్రామములలో సహజమే. కాని ఆపరేటరునకు కుడిప్రక్కన చేయి అడ్డము, వెనుక ఇంజను అడ్డము. యంత్రము చుట్టు అతనికి కానరాని ప్రదేశమెంతయో కలదు. పైభాగము తిరిగినప్పుడు వెనుకనుండు టన్నుల బరువు గల ఇనుపదిమ్మ చైన్ల కంటె వెలుపలికి వచ్చును. ఆ దిమ్మకును చెట్టునకును, లేక గోడకును నడుమ చిక్కినవాడు తప్పించుకొను అవకాశముండదు.

కావున యంత్రము చుట్టు కనీసము 12 మీటర్ల మేర త్రాడు కట్టి, ఎవరిని లోనికి రానీయరాదు. సైగలు చేయుటకు ఒక్క మనిషినే నియమింపవలెను. పదిమంది పదివిధములుగా చేతులూపినచో ఆపరేటరు ఎవరి సైగను నమ్మవలెను? సైగచేయువాడు ఆపరేటరు కంటికెదురుగా నిలువవలెను. అతడు కంటికి కానరానప్పుడు యంత్రము ఆగిపోవలెను. అయితే "ఆపు" అను సైగ మాత్రము ఎవరు చేసినను ఆపరేటరు వెంటనే ఆపవలెను. మనుష్యులను బకెట్టులో కూర్చుండబెట్టి కాలువ దాటించుట, చెట్టుకొమ్మలు నరికించుట వంటివి ఏ కారణము చేతనైనను చేయరాదు. మనుష్యుల తలలపైనుండి గాని, లారీ డ్రైవరు కూర్చున్న క్యాబిన్ పైనుండి గాని నిండు బకెట్టును త్రిప్పరాదు.

గొట్టములు వేయుటకు త్రవ్వు కందకములు 1.5 మీటర్లకు మించి లోతైనచో, ప్రక్కలకు చెక్కలు, ఊతములు పెట్టకయో, గోడలను వాలుగా తీయకయో మనుష్యులను దింపరాదు. త్రవ్వితీసిన మన్నును అంచునకు కనీసము 1.5 మీటర్ల దూరమున పోయవలెను. ఒక్క ఘనమీటరు మన్ను విరిగి పడినను మనిషి ఛాతిపై టన్నున్నర బరువు పడినట్లే.

కంటికి కనబడని నూనె ధార

నూనె గొట్టమునకు సూదిమొన యంత రంధ్రము పడినచో బయటకు వచ్చు ధార కంటికి సరిగా కనబడదు. ఎచ్చట కారుచున్నదో చూడవలెనని చేతితో తడుమువాని చర్మమును ఆ ధార ఛేదించి లోనికి పోవును. పైకి ముల్లు గ్రుచ్చుకొన్నంత గుర్తే యుండును. నొప్పియు మొదట స్వల్పము. కాని లోపలికి పోయిన నూనె కండను క్రుళ్ళింపజేయును. కొలది గంటలలో శస్త్రచికిత్స జరుగనిచో వ్రేలుగాని, చేయిగాని తీసివేయవలసి వచ్చును. ఇట్టి గాయమైనవానిని "చిన్న గాయమే" అని పసుపు అద్ది ఇంటికి పంపరాదు. వెంటనే 108 వాహనమున శస్త్రచికిత్స సదుపాయము గల పెద్ద ఆసుపత్రికి చేర్చి, ఒత్తిడి గల యంత్రపు నూనె చర్మములోనికి పోయినదని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. కారు చోటును వెదకుటకు అట్టముక్కనో, చెక్కనో వాడవలెను గాని చేతిని వాడరాదు.

ఇంజను ఆపినంత మాత్రమున అపాయము తీరదు. గొట్టములలో ఒత్తిడి నిలిచియుండును. పైకెత్తి వదలిన చేయి, ఇంజను ఆగియున్నను లీవరు కదలినచో క్రిందికి దిగవచ్చును. కావున ఆపరేటరు సీటు విడుచునపుడు పాటింపవలసిన వరుస ఒకటి కలదు: సమతలమున యంత్రమును నిలుపుట, బకెట్టును నేలపై ఆనించుట, ఇంజను ఆపుట, లీవర్లను కొన్నిసార్లు ఆడించి ఒత్తిడిని తీసివేయుట, సీటు ప్రక్కనుండు తాళపు లీవరును వేయుట, తాళపుచెవి తీసికొనుట. రెండు నిమిషములు దిగి టీ త్రాగి వచ్చునప్పుడైనను బకెట్టు నేలనానవలెను. తాళపు లీవరు వేయవలెను.

పొలములోని చైను యంత్రము

పై జాగ్రత్తలలో పెక్కు సార్వా, దాళ్వా కోతలకు వచ్చు చైను వరికోత యంత్రమునకును వర్తించును. దీని చైన్లు రబ్బరువి. తడిచేలలో దిగబడకుండుటకు పనికివచ్చును. వీనిలో పెక్కింటికి నడకయు నూనె ఒత్తిడిచేతనే. గడ్డి చుట్టుకొని యంత్రము నిలిచినప్పుడు ఇంజను ఆపకయే చేయి పెట్టి లాగుట దీనితో వచ్చు పెద్ద ముప్పు. ధాన్యము పోయు గొట్టమును పైకెత్తి తీగల క్రింద నడపుటయు అట్టిదే. ట్రైలరుపైకి ఎక్కించునప్పుడు గట్టి నేలపై, తిన్నగా, నెమ్మదిగా ఎక్కింపవలెను. పలకలపై నుండగా దిశ మార్చరాదు. ఆ సమయమున ప్రక్కల ఎవరును నిలువరాదు.

పంచాయతీ ముందుగా చేయవలసినది

కాలువలు కట్టివేసియుండు దినములు కొన్నియే. నీరు వదలులోగా పని ముగింపవలెనను తొందరలో రాత్రులును యంత్రములు నడచుచుండును. నిద్రలేని ఆపరేటరు, చాలని వెలుతురు, తెలియని గట్టు - ఈ మూడును కలిసినచోట ప్రమాదము కాచుకొనియుండును. కావున పని అప్పగించు దినముననే, కాగితముపై, ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు రాబట్టవలెను.

1. ఆపరేటరు ఈ తరగతి యంత్రముపై శిక్షణయు, అనుభవమును పొందినవాడేనా? రోజునకు ఎన్ని గంటలు నడుపును? అతనికి మారుగా మరియొకడు కలడా?

2. యంత్రమునకు, పనివారికి బీమా కలదా?

3. ఉదయము పని మొదలుపెట్టుటకు ముందు గొట్టములు, చైన్లు, బకెట్టు పిన్నులు, హారను, అద్దములు చూచువారెవరు?

4. సైగలు చేయు మనిషి ఎవరు? అతని పేరేమి?

5. తీగలు, గొట్టములు, పాత గండ్లు, బలహీనమైన తూములు ఎచ్చటెచ్చట గలవు? వానిని చూపించుటకు ఊరిపెద్దలు ఎవరు వచ్చెదరు?

6. ప్రమాదము సంభవించినచో ఫోను చేయువారెవరు? 108 వాహనము గట్టు వద్దకు వచ్చుటకు దారి కలదా?

పని ఆరంభమగు ముందురోజు సాయంత్రము సర్పంచో, ఆ వార్డు సభ్యులో, ఆపరేటరును, ఇద్దరు పెద్దరైతులను వెంటబెట్టుకొని గట్టు వెంబడి ఒకసారి నడచినచో ఈ ప్రశ్నలలో సగమునకు అచ్చటనే జవాబు దొరకును. ఇందులకు పంచాయతీ నిధులనుండి ఒక్క రూపాయియు వ్యయము కాదు. ఒక గంట కాలము చాలును.

పని ముగిసిన తరువాత

యంత్రము వెళ్ళిపోయినంతనే పంచాయతీ బాధ్యత తీరిపోదు. మన్ను కోసము ఒకేచోట లోతుగా త్రవ్విన చెరువులలో నిట్టనిలువు గోడలతో గోతులు మిగిలిపోవును. తొలకరికి నీరు నిండిన పిదప ఆ గోతులు కానరావు. పూర్వము మోకాటిలోతున్న చోటనే ఈతకు దిగు పిల్లలు, పశువులను కడుగబోవు రైతులు రెండు నిలువుల లోతున పడుదురు. కావున చెరువు అంచులను వాలుగా తీయించుట, లోతు మారిన తావున కొయ్యలు నాటి గుర్తు పెట్టించుట, పాఠశాలలో పిల్లలకు చెప్పించుట పని పూర్తియైన లెక్కలో చేరవలెను. అవి పూర్తి కానిదే పని ముగిసినట్లు పంచాయతీ సంతకము చేయరాదు.

కాలువలు బాగుపడవలెను, చివరి భూములకు నీరు చేరవలెను, మురుగు నిలువక పంట దక్కవలెను. అందులకు యంత్రముల సాయము కావలసినదే. వానిని చూచి భయపడుట అభివృద్ధి కాదు. వాని శక్తిని ఎరుగక పిలుచుటయు వివేకము కాదు. ఈ వేసవిలో మీ ఊరి గట్టుపైకి యంత్రము రాకముందే, మీ పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చింపుడు. గండి పడిన చోటు ఎరిగిన పెద్దలను పిలిచి అడుగుడు. జూన్ మాసమున కాలువకు నీరు వచ్చునాటికి, గట్టుపై పనిచేసిన ప్రతి మనిషియు క్షేమముగా తన ఇంట నుండవలెను. ఆ పని బాగుగా జరిగినదనుటకు మొదటి గుర్తు అదియే.